రెండో దెబ్బ

పాత పరుపు విప్పితే లోపల దూది మట్టిబెడ్డల్లా గడ్డలు కట్టి ఉంటుంది. అలాగే దూది ఏకే మిషనులో వేస్తే మిషను పళ్ళు ఊడతాయి. అందుకని ముందు పెరట్లో పట్టా పరిచి, గడ్డలు కుమ్మరించి, కర్రలతో బాదాలి. ఒక్క మనిషి బాదితే సగం పూటకే రెక్కలు పడిపోతాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి దెబ్బకీ ఇంకొకరి దెబ్బకీ మధ్య ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఆ కర్ర దిగుతుంటే ఈ కర్ర లేస్తుంది. కొన్నాళ్ళు పోయాక ఎవరూ చూసుకోనక్కర్లేదు. ఎదుటి కర్ర చప్పుడు చెవిన పడితే చాలు, చెయ్యి దానంతట అదే లేస్తుంది.

ఆ ఇంట్లో బాదేది అత్తా కోడలూ. అత్తని వీధంతా దూదమ్మ అంటుంది. ఆవిడ అసలు పేరు అడిగితే కన్నకొడుకు కూడా కాసేపు తల గోక్కుంటాడు. ఆ కొడుకు తయారైన పరుపులు బండిలో వేసుకుని ఇళ్ళకి చేరవేస్తాడు. కోడలు ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఆమెకి సూదిలో దారం ఎక్కించడం తప్ప ఈ పనిలో ఏమీ రాదు. మొదటి వారంలోనే దూదమ్మ ఆమె చేతికి కర్ర ఇచ్చి, "నా మీద కోపమొచ్చినప్పుడల్లా దీన్ని బాదు. నీకు మందు, నాకు పని" అంది. ఆ ఏడాది కోడలు చాలా దూది బాదింది.

పాత పరుపుల్లో దూదితో పాటు ఏవేవో దొరుకుతాయి. దొరికినవన్నీ ముందు గదిలో, పై అరలో ఉండే బిస్కెట్ల రేకు డబ్బాలో వేస్తారు. పరుపు తాలూకు వాళ్ళు వచ్చి అడిగితే ఇచ్చేస్తారు. అడగకపోతే అవి అందులోనే ఉంటాయి. దూదమ్మ మామగారి నాటి నుంచీ అదే పద్ధతి. డబ్బాలో ఉన్నవేమిటో ఇంట్లోవాళ్ళకి తెలుసు. గుండీలు, తలపిన్నులు, ఎవరి పిల్లదో ఒక పాలపన్ను, కట్టుడు పళ్ళ సెట్టులో పై సగం, ఏ తాళానికీ పట్టని తాళంచెవులు. వీధి లెక్క వేరు. తరాలుగా జనం పరుపుల్లో దాచి మరిచిపోయిన బంగారమంతా ఆ డబ్బాలో ఉందని వీధి నమ్మకం. ఎవరైనా ఆ మాట కదిపితే దూదమ్మ ఔననదు, కాదనదు, ముసిముసిగా నవ్వుతుంది. ఆ నవ్వే కొంప మీదికి తెచ్చింది.

ఆ రోజు పొద్దున కొడుకు బండి నిండా పరుపులు ఎత్తుకుని వెళ్ళాడు. హాస్టలు పరుపులు. అంత సరుకు దింపాల్సి వచ్చినప్పుడు మామూలుగా ఆడవాళ్ళిద్దరూ కూడా బండెక్కి వెళ్తారు. ఆ రోజు పిల్లకి కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందని ఆగిపోయారు. పిల్లంటే కోడలి కూతురు, ఇంకా ఏడాది నిండలేదు. ముందు గదిలో నేల మీద, దూదమ్మ ప్రత్యేకంగా కుట్టిన చిట్టి పరుపు మీద నిద్రపోతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తాకోడళ్ళు పెరట్లో చాలాసేపు దూది బాది, కాసేపు కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముక్కుకీ నోటికీ గుడ్డలు కట్టుకుని ఉన్నారు. తల నుంచి పాదాల దాకా ఇద్దరి మీదా తెల్లటి నుసి. ఆ నుసిలో ఎవరు పెద్దో ఎవరు చిన్నో పోల్చుకోవడం కష్టం.

లోపల రేకు డబ్బా గలగలమంది.

ఆ చప్పుడు వాళ్ళకి బాగా తెలుసు. ఇద్దరూ ఒకేసారి లేచారు. కర్రలు చేతుల్లోనే ఉండిపోయాయి.

ముందు గదిలో ఒక మగమనిషి అర వైపు తిరిగి, డబ్బా అందుకుంటున్నాడు. ఒక కాలు పిల్లకి ఇటు, ఒక కాలు అటు. అతని చెప్పు పిల్ల చెవికి బెత్తెడు దూరంలో ఉంది. ముందు నడుస్తున్న దూదమ్మ కర్ర ఎత్తి అతని భుజం మీద ఒక్కటిచ్చింది. అతను అదిరిపడి పిల్ల మీద నుంచి ఇవతలికి గెంతి, తలుపు దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు. డబ్బా కింద పడి మూత ఊడింది. గుండీలు గది నాలుగు మూలలకీ దొర్లాయి. అతను ఇటు తిరిగి, కుడిచెయ్యి పైకెత్తి, "కొట్టొద్దమ్మా, వదిలెయ్యండి, వెళ్ళిపోతా" అన్నాడు.

అప్పుడు రెండో కర్ర దిగింది. ఎత్తిన చేతి మణికట్టు మీద పడింది. ఆ చప్పుడు దూది మీద పడిన దెబ్బ చప్పుడులా లేదు. పిల్ల ఉలిక్కిపడి లేచి ఏడవడం మొదలుపెట్టింది. కోడలు తన చేతిలోని కర్ర వైపు, అది ఎవరిదో అన్నట్టు చూసింది.

కేకలకి వీధి వచ్చేసింది. ఇస్త్రీ బండి ఆయన అందరికంటే ముందొచ్చాడు. పడి ఉన్న మనిషి మొహం చూసి, "వీడు మన కుళాయిల మనిషే కదూ" అన్నాడు. నిజమే. కుళాయిలూ గొట్టాలూ బాగు చేసే మనిషి, ఆ వీధిలో సగం ఇళ్ళు తెలిసినవాడు. ఈ ఇంటి పెరట్లో కారుతున్న కుళాయి బాగు చేసి వెళ్ళి నెల కూడా కాలేదు. తెలిసినవాడని తేలాక జనానికి కోపం రెట్టింపైంది. తలా ఒక చెయ్యి వెయ్యబోయారు. దూదమ్మ అతనికి అడ్డంగా నిలబడింది.

"మా ఇంట్లో పడ్డాడు, మేం కొట్టాం. మీ ఇంట్లో పడ్డప్పుడు మీరు కొట్టుకోండి."

పోలీసులు వచ్చారు. ఆసుపత్రి బండి వచ్చింది. ఎవరు కొట్టారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. కోడలు నోరు తెరిచేలోపే దూదమ్మ మొహం మీద గుడ్డ లాగేసి, "ఇంకెవరు, నేనే. రెండూ నేనే" అంది.

ఇన్‌స్పెక్టరు నెమ్మది మనిషి. రెండ్రోజులకి మళ్ళీ వచ్చి, కొత్త పరుపుల దొంతర మీద కూర్చుని చెప్పాడు. "లోపలికి జొరబడ్డాడు, కొట్టారు. మీ ఇల్లు, మీ పిల్ల. ఆ మొదటి దెబ్బ గురించి నేనే కాదు, ఎవరూ అడగరు. కానీ తర్వాత అతను కిందపడ్డాడు. చెయ్యెత్తి వదిలెయ్యమన్నాడు. డాక్టరు ఏమంటాడంటే, దెబ్బ ఎత్తిన చేతి మీదే పడింది. వేళ్ళు ఇక పూర్తిగా ముడుచుకోవట. అది కాపాడుకోవడం కాదమ్మా, శిక్ష వెయ్యడం. అది మీ పని కాదు. మాటకొస్తే నా పని కూడా కాదు."

"అయితే దొంగొచ్చినప్పుడు మీకు కబురంపి, మీరొచ్చేదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టమంటారా?" అంది దూదమ్మ.

"కుర్చీ అక్కర్లేదు. కింద పడ్డాక కొట్టకుండా ఉంటే చాలు."

"పడ్డవాడు లేవడని నాకు ఎవరు చెప్తారు నాయనా?"

ఇన్‌స్పెక్టరు పరుపుల మీద నుంచి లేచి టోపీ పెట్టుకున్నాడు. కేసు మాత్రం పెట్టాడు. కుళాయిల మనిషి మీద దొంగతనం కేసు, దూదమ్మ మీద తీవ్రంగా గాయపరిచిన కేసు.

వీధి రెండుగా చీలిందనుకుంటే పొరపాటు. వీధి మొత్తం దూదమ్మ వైపే ఉంది. తన ఇంట్లో తను కొడితే కేసేమిటని ఇస్త్రీ బండి ఆయన బట్టలకంటే ఎక్కువ ఈ మాటనే రుద్దాడు. కుట్టుమిషను పెట్టుకున్న ఎదురింటావిడ రోజుకొకరిని వెంటబెట్టుకొచ్చి దూదమ్మ కర్ర చూపించేది. "ఈ వయసులో ఎంత చెయ్యో చూశారా" అనేది. దూదమ్మ చెయ్యి ముందుకి చాపి చూపించేది. పక్కనే పరుపు అంచు కుడుతున్న కోడలు తల ఎత్తేది కాదు.

కేసు పట్టడానికి ఒప్పుకున్న ప్లీడరమ్మ పొడుగ్గా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉండే మనిషి. చాలా కేసులు చూసింది. ఇది మరీ కష్టమైంది కాదంది. "పెద్దావిడ. ఇంట్లో పసిపిల్ల. భయం, కంగారు. ఒక దెబ్బ వెంట రెండోది దానంతట అదే పడింది. మీ పనిలో అలవాటు కదా. ఆ మాటే చెప్దాం."

"ఒప్పుకుంటారా?" అన్నాడు కొడుకు.

"ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే మాత్రం మీ అమ్మ లోపలికి వెళ్ళాలి. అవతల మనిషికి పని చేసుకునే చెయ్యి పోయింది. దాన్ని ఎవరూ చిన్న విషయంగా చూడరు."

ఆ సాయంత్రం కొడుకు బండి కడుగుతుండగా, కోడలు పొయ్యి దగ్గర అత్త పక్కన చేరింది.

"అత్తయ్యా, ఆ దెబ్బ..."

"తెలుసు. నా కళ్ళకి పొరలు కమ్మలేదు. ఆ గిన్నె దింపు."

"మీరు జైలుకెళ్తే?"

"వెళ్తే వెళ్తాను. అక్కడ పరుపులు ఎవరు కుడుతున్నారో చూసొస్తాను. నీకు పాలు తాగే పిల్ల ఉంది. నా దగ్గర పాలు తాగేవాళ్ళెవరున్నారు, నీ మొగుడా?"

కోడలికి నవ్వొచ్చి, వెంటనే కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"ఏడవకు. వాడు చూస్తే ఎందుకంటాడు. వాడికి మాత్రం చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు." దూదమ్మ గొంతు తగ్గించింది. "అయినా అది నీ దెబ్బ కాదే పిల్లా. నేను కొట్టాను, నీ చెయ్యి లేచింది. నా కర్ర చప్పుడు వినపడితే కొట్టాలని ఇన్నేళ్ళూ నేర్పింది నేనే కదా. అలవాటు నాది, చెయ్యి నీది. అంతే. ఇంక ఆ మాట ఎత్తకు."

ఆ మాట పట్టుకుని కోడలు కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. పెరట్లో దూది కుప్ప పెరిగిపోతోంది. కోడలు కర్ర ముట్టుకునేది కాదు. దూదమ్మ ఒక్కతే బాదుకునేది, మధ్యమధ్య ఆగి భుజం పట్టుకునేది. కోడలు పిల్లకి స్నానం చేయించడానికి కుళాయి తిప్పినప్పుడల్లా ఒక సంగతి గమనించేది. ఆ కుళాయి కట్టేశాక ఒక్క చుక్క కూడా కారడం లేదు. అంతకుముందు ఏడాదంతా కారింది. ఎంతమంది వచ్చి చూసినా ఆగలేదు. ఆ మనిషి వచ్చి కాసేపట్లో బాగు చేశాడు. ఆ రోజు మంచినీళ్ళు ఇచ్చింది తనే. నీళ్ళు తాగుతూ అతను గడప దగ్గర నిలబడి, "పాప ఇక్కడే పడుకుంటుందా, చలి గాలి తగలదూ?" అని అడిగాడు.

అక్కడే చిక్కు. అలవాటులో రెండు దెబ్బల మధ్య ఒక్క ఊపిరే ఉంటుంది. ఆ రోజు అంతకంటే ఎక్కువ ఉంది. గుండీలు దొర్లడం తను చూసింది. అతను మోకాళ్ళ మీద పడటం చూసింది. వదిలెయ్యమనడం స్పష్టంగా వింది. విన్నాక ఆ గొంతు గుర్తుపట్టింది. మంచినీళ్ళు తాగిన మనిషి. పిల్ల ఎక్కడ పడుకుంటుందో తెలిసిన మనిషి. తెలిసి కూడా దాన్ని చెప్పులతో దాటిన మనిషి. ఇవన్నీ అయ్యాక కర్ర ఎత్తింది. ఎత్తిన చేతిని చూసి, ఆ చేతినే కొట్టింది.

అత్త ఎన్నిసార్లు చెప్పినా, దాన్ని అలవాటు అనడానికి ఆమె మనసొప్పలేదు.

పిల్లకి టీకా వేయించాలనే సాకుతో ఒక పొద్దున ఆసుపత్రికి వెళ్ళింది. టీకా వేయించింది కూడా. తర్వాత పిల్లని చంకనేసుకుని ఎముకల వార్డు వెతుక్కుంటూ వెళ్ళింది. వార్డు గుమ్మంలో కానిస్టేబులు పేపరు చదువుకుంటున్నాడు. బంధువా అని అడిగాడు. తెలిసినవాళ్ళమంది.

కుళాయిల మనిషి గోడ పక్క మంచం మీద ఉన్నాడు. చేతికి మోచెయ్యి దాకా పిండికట్టు. పక్కన వాళ్ళ అక్క స్టూలు మీద కూర్చుని పండు వలుస్తోంది. కోడల్ని చూడగానే ఆవిడ చేతిలో పండు ఆగింది.

"ఏం, ఇంకో చెయ్యి మిగిలిందని చూడ్డానికొచ్చావా?"

"అక్కా, ఊరుకో" అన్నాడతను.

"ఎందుకూరుకోవాలి? చెయ్యి పోయింది నీకా, వాళ్ళకా? రేపు స్పానరు నోటితో తిప్పుతావా?"

కోడలు కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. పిల్ల ఆ పిండికట్టు తెల్లగా కనిపిస్తుంటే అందుకోవాలని చేతులు చాచింది. కోడలు వెనక్కి లాక్కుంది.

అతనే మాట్లాడాడు. "ఇంట్లో ఎవరూ లేరనుకున్నానమ్మా. బండి నిండా సరుకు వెళ్ళింది చూశాను. లోపలికొచ్చాక పాప కనిపించింది. అప్పుడే తిరిగి వెళ్ళిపోవాల్సింది. ఆ డబ్బా కనపడింది, ఆశ ఆగలేదు."

"అందులో ఏముందో చూశావా?"

"చూశాను. గుండీలు." అతని మొహంలో నవ్వులాంటిది కదిలింది. "ఇన్నేళ్ళుగా వీధంతా బంగారం బంగారం అంటే..."

"గుండీల కోసం చెయ్యి పోగొట్టుకున్న మొనగాడు" అంది వాళ్ళ అక్క. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నా మీద పడిన మొదటి దెబ్బకి నాకు బాధ లేదు" అన్నాడతను. "ఇంకొకరి ఇంట్లో దూరినవాడు దెబ్బలకి సిద్ధపడే దూరతాడు. అది నా వాటా. రెండోదే అర్థం కాలేదు. చెయ్యెత్తాను కదా. వదిలెయ్యమన్నాను కదా. కళ్ళు మూసుకుంటే ఆ రెండు తెల్లటి మొహాలే కనపడతాయి. ముసుగులో ఎవరు ఎవరో తెలియదు. ఎందుకు కొట్టారని అడుగుతూనే ఉంటాను. అవి పలకవు."

"కొట్టింది నేను" అంది కోడలు.

వాళ్ళ అక్క స్టూలు మీద నుంచి సగం లేచింది. అతను ఎడమచేత్తో ఆవిణ్ణి ఆపాడు.

"పెద్దావిడ కదా తానే అని చెప్పింది."

"చెప్పింది. కానీ నేను."

అతను పిల్ల వైపు చూశాడు. "కంగారులో పడిపోయిందేమోలే. మీరు రోజూ బాదే చేతులు కదా."

"కంగారు కాదు. నీ గొంతు గుర్తుపట్టాను. గుర్తుపట్టాకే కొట్టాను."

వార్డులో ఎక్కడో మందుల బండి చక్రం కీచుమంటూ వెళ్ళింది. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "తీసుకెళ్ళమ్మా పాపని. ఇక్కడి గాలి మంచిది కాదు" అన్నాడు. కోడలు గుమ్మం దాటేదాకా చూస్తూ, వాళ్ళ అక్క వలిచిన పండు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

విచారణ రోజున వీధిలో సగం మంది కోర్టులోనే ఉన్నారు. ఇస్త్రీ బండి ఆయన తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. జడ్జిగారికి జలుబు. మాటకో తుమ్ము తుమ్ముతూ, రుమాలు మడతలు మారుస్తూ విన్నాడు. సాక్ష్యంగా తెచ్చిన రేకు డబ్బా మూత తీసి బల్ల మీద గుమ్మరించారు. బంగారం చూద్దామని మెడలు సాచిన వీధి మొత్తం ఒక్కసారిగా ఉసూరుమంది. గుండీలు, తలపిన్నులు, పాలపన్ను, సగం కట్టుడు పళ్ళు. ప్లీడరమ్మ వంగి ఒక తాళంచెవి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది మా అమ్మవాళ్ళ పాత పెట్టెది" అంది, కేసు సంగతి మరిచిపోయి.

"ముందు ఈ పని కానివ్వండి, పెట్టె తర్వాత తెరుద్దురు" అన్నాడు జడ్జి.

దూదమ్మ నిలబడి, నేర్పిన పాఠం పొల్లుపోకుండా చెప్పింది. దొంగని చూసింది, భయపడింది, కొట్టింది. ఒక దెబ్బ వెంట రెండోది దానంతట అదే పడింది. తమ పనిలో చేతి అలవాటు అలాంటిది. రెండూ తనవే.

కుళాయిల మనిషిని పిలిచారు. కట్టు విప్పేశారు. వేళ్ళు సగం ముడుచుకుని, ఏదో పట్టుకున్నట్టుగా ఆగిపోయి ఉన్నాయి.

"రెండో దెబ్బ కొట్టింది ఈవిడేనా?" అని అడిగాడు జడ్జి.

అతను దూదమ్మని చూశాడు. ఆ వెనక, పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కోడల్ని చూశాడు. చూపు కిందికి దించేశాడు.

"చెప్పలేనండీ. ఇద్దరూ తెల్లగా ఉన్నారు. మొహాలకి గుడ్డలున్నాయి. పెద్దావిడ తానే అంటోందిగా, తనే అయ్యుంటుంది."

ప్లీడరమ్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. కొడుకు తల్లి వైపు చూసి నవ్వాడు. అంతా సవ్యంగానే సాగుతోంది. కోడలు కదలకుండా కూర్చుంటే చాలు. అత్త తన కోసం అబద్ధం చెప్పింది, సరే, ఇంటి మనిషి. తాను చెయ్యి విరగ్గొట్టిన మనిషి కూడా చెప్పాడు. అది ఆమె భరించలేకపోయింది.

పిల్లని మొగుడి ఒళ్ళో పెట్టి లేచి నిలబడింది.

"కూర్చో" అంది దూదమ్మ, బోనులోంచే. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నీకేంటి పని?"

"ఇక్కడ మాట్లాడమనేది, మాట్లాడొద్దనేది నేను" అన్నాడు జడ్జి. రుమాలు పక్కన పెట్టాడు. "ఏంటమ్మా?"

"మొదటి దెబ్బ మా అత్తయ్యది. మా పిల్ల మీద అతని కాలుంది, అందుకు కొట్టింది. రెండోది నాది."

"అబద్ధమండీ, అది నా మీద ప్రేమతో..."

"అత్తయ్యా, మీరు ఊరుకోండి." ఆ ఇంట్లో ఆ మాట కోడలు అత్తతో అనడం అదే మొదటిసారి. దూదమ్మ నిజంగానే ఊరుకుంది.

"మీరు కూడా కంగారులోనే కొట్టారా?" అన్నాడు జడ్జి. ఆ అడిగే తీరులోనే ఔనని చెప్పమన్నట్టుంది. అది కోడలికీ అర్థమైంది.

"లేదండీ. అతను పడ్డాడు. చెయ్యెత్తాడు. వదిలెయ్యమన్నాడు. అప్పటికి పిల్లకి ఏ భయమూ లేదు. నాకూ లేదు. తెలిసినవాడని గుర్తుపట్టాక ఒళ్ళు మండింది. చూసి కొట్టాను." కాస్త ఆగింది. "మళ్ళీ ఎవరైనా నా పిల్ల మీద కాలు వేస్తే మళ్ళీ కొడతాను. అది వేరు. కిందపడ్డాక కొట్టడం వేరు. అదీ ఇదీ ఒకటేనని అందరూ అంటున్నారు. నాకు తేడా తెలుసు, ఆ రెండిటి మధ్య నిలబడింది నేనే కదా."

పిల్ల వాళ్ళ నాన్న చొక్కా గుండీ లాగుతోంది.

తీర్పు ఇంకో వాయిదాలో వచ్చింది. దూదమ్మని వదిలేశారు, కోర్టులో అబద్ధం చెప్పినందుకు బాగా చీవాట్లు పెట్టి మరీ. ఆవిడ వయసు చూసి చీవాట్లతో సరిపెట్టామన్నాడు జడ్జి. కుళాయిల మనిషికి దొంగతనానికి కొన్ని నెలల జైలు పడింది. కోడలి సంగతికి వచ్చేసరికి ఆయన ఆమె వైపు తిరిగి మాట్లాడాడు.

"ఇంట్లోకి వచ్చినవాణ్ణి ఆపే హక్కు మీకుంది. ఆగిపోయినవాణ్ణి కొట్టే హక్కు లేదు. ఈ రెండిటికీ మధ్య గీత ఎక్కడుందో ఇక్కడ కూర్చుని చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే. ఈ కేసులో కొట్టిన మనిషే చూపించింది. తప్పు తప్పే. కానీ జైలుకి పంపించను."

ఏడాది పాటు మంచి నడవడికకి పూచీ రాసివ్వాలి, నెలనెలా స్టేషనుకెళ్ళి సంతకం పెట్టాలి, అతని చేతి వైద్యం ఖర్చు భరించాలి. శిక్ష అదీ.

వీధికి అది ఏమాత్రం నచ్చలేదు. గెలిచిన కేసుని చేజేతులా ఓడించుకుందని ఎదురింటావిడ దెప్పింది. ఇస్త్రీ బండి ఆయన, "నోరు కట్టేసుకుని కూర్చుంటే పోయేదానికి, దొంగవెధవ కోసం మన పరువు తీసింది" అన్నాడు. తర్వాత ఎందుకో కోడలి చీరలు మామూలుకంటే బాగా ఇస్త్రీ చేసి పంపాడు.

కొడుకు ఒక్కటే అడిగాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"మీ నోట్లో మాట ఆగదని అత్తయ్య చెప్పింది."

అతను తల గోక్కున్నాడు. "అది నిజమేలే" అన్నాడు.

దూదమ్మ మాత్రం మాట్లాడటం మానేసింది. అలిగిందో, బాధపడిందో తెలియదు. కంచం పెడితే తినేది, పిల్లతో కబుర్లు చెప్పేది, కోడలితో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. నోరు ఆగని మనిషి మౌనంగా ఉంటే ఇల్లు ఇల్లులా ఉండదు. ఆ రేకు డబ్బాని పై అర నుంచి దింపి, మూత లేకుండా గడప పక్కన స్టూలు మీద పెట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి అందులో చెయ్యి పెట్టి కెలికి, ఏమీ లేదని పెదవి విరిచి వెళ్ళేవాళ్ళు.

కోడలు మొదటిసారి స్టేషనులో సంతకం పెట్టి వచ్చిన రోజు, పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. కుళాయి కట్టేసింది. చుక్క కారలేదు. కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది.

వెనక నుంచి కర్ర చప్పుడు వినపడింది. దూదమ్మ పట్టా మీద గడ్డలు కుమ్మరించి, మొహానికి గుడ్డ కట్టుకుని ఒక్కతే బాదుతోంది. ఒక దెబ్బ వేసి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఒకటి వేస్తోంది. ఎదురుగా రెండో కర్ర పట్టా మీద పడుకోబెట్టి ఉంది. ఎప్పుడు పెట్టిందో.

కోడలు వెళ్ళి ఎదురుగా కూర్చుంది. కర్ర ముట్టుకోలేదు.

దూదమ్మ ఇంకో దెబ్బ వేసింది. ఆగింది. గుడ్డలోంచే గొణిగింది.

"భుజం పడిపోతోంది నాకు. నీకు నా మీద కోపమేమీ లేదా?"

"ఉంది" అంది కోడలు. "నన్నడక్కుండా నా దెబ్బ మీ నెత్తినేసుకున్నారు."

"నాకూ ఉంది. నేనిచ్చిన మాట అందరి ముందూ కిందపారేశావు. నన్ను ఊరుకోమన్నావు."

"అన్నాను."

"అయితే ఇంకేం. కొట్టు మరి."

కోడలు మొహానికి గుడ్డ కట్టుకుంది. కర్ర చేతిలోకి తీసుకుంది. పట్టా మీద గడ్డలన్నిటినీ ఒకసారి చూసింది. అన్నిటికంటే గట్టిగా ఉన్నది ఏదో చూసుకుని కొట్టింది. ఆ చప్పుడికి ఎదుటి కర్ర లేచింది.